ఏప్రిల్ 1న గీసిన గీతలు



1932 నవంబరులో బర్మాలో ఎన్నికలు జరిగాయి. అప్పటికి బర్మా కూడా మద్రాసు, బొంబాయిల్లాగే బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశాలు నడుస్తున్నాయి. ఇండియాకు ఏదో ఒక రూపంలో సమాఖ్య వస్తుందంటున్నారు. ఆ సమాఖ్యలో బర్మా ఉండాలా, విడిపోయి వేరే దేశం కావాలా? ఆ ఎన్నికల్లో అన్నిటికంటే ఎక్కువ నలిగిన ప్రశ్న ఇదే. ఓటు వేసింది బర్మాలో. కానీ ఆ ప్రశ్న అంతగా వేడెక్కడానికి కారణమైనవాళ్లలో మన కళింగపట్నంలో, భీమిలిలో ఓడెక్కిన కూలీలు ఉన్నారు.

అలాంటి ప్రశ్నే ఇవాళ ఇంకో రూపంలో వినిపిస్తుంది: ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి ఒకే సమాఖ్య అయితే ఎలా ఉంటుంది? భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక, కుదిరితే బర్మా కూడా. ఆలోచన పాతదే. పెద్దపెద్దవాళ్లు చేసిందే. మామూలుగా దీని గురించి మాట్లాడేవాళ్లు ఢిల్లీలోనో లాహోర్‌లోనో ఢాకాలోనో కూర్చుని మాట్లాడతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చూస్తే ఈ లెక్క కాస్త వేరుగా తేలుతుంది. కలిసి ఉండడం, విడిపోవడం రెండూ మన మీద ఇదివరకే జరిగిపోయాయి కాబట్టి.

1935లో బ్రిటిష్ పార్లమెంటు భారత ప్రభుత్వ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. మన పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. అదే రోజున పడమటి కొసన సింధు ప్రాంతం బొంబాయి నుంచి విడిపడి ఇంకో రాష్ట్రమైంది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా ఏకంగా ఇండియా నుంచే విడిపోయింది. చట్టం ఒకటే, దొరలూ వాళ్లే. దాని కింద గీసిన గీతలు మూడు. మూడింటి మీదా మన జిల్లాలవాళ్లు పడ్డారు. సింధుతో మనకేం పని అనకండి. ఆ సంగతికీ వస్తాను.

ముందు బర్మా. మా వైపు పాతవాళ్లు రంగూన్ అనరు, రంగం అంటారు. ఫలానా ఇంటాయన రంగమెళ్లాడంటే డబ్బు పంపుతాడని ఒక అర్థం, తిరిగొస్తాడో రాడో తెలియదని ఇంకో అర్థం. మన దగ్గర వానని నమ్ముకున్న మెట్ట పొలాలు, జమీందారీ శిస్తులు. 1866 కరువు గంజాం జిల్లాను పీడించింది, ఆ తర్వాతా కరువులు ఆగలేదు. అవతల ఇరావతి నది డెల్టాలో అడవి కొట్టి లక్షల ఎకరాలు వరి సాగులోకి తెచ్చారు. కోతలకు మనుషులు కావాలి, బియ్యం మిల్లులకు కావాలి, రేవులో బస్తాలు మోయడానికి, రిక్షాలు లాగడానికి కావాలి. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి బయానా ఇచ్చేవాడు. ఓడ టిక్కెట్టు అతనే కొనేవాడు. రంగంలో దిగాక కూలి డబ్బులు కూడా అతని చేతి మీదుగానే వచ్చేవి, అప్పు కింద కోసుకోగా మిగిలినవి.

పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. ఒకే దేశం మరి. ఈ మాట ఒకసారి ఆలోచించండి. సమాఖ్య వస్తే మనుషులు స్వేచ్ఛగా తిరుగుతారు, పనులు దొరుకుతాయి అని ఇవాళ వాదించేవాళ్లు కోరుకునేది ఏమిటో, అది రంగం వెళ్లిన శ్రీకాకుళం కూలీకి వందేళ్ల కిందటే ఉంది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర పైచిలుకు. రంగూన్ నగరంలో సగానికి పైగా జనం ఇండియా నుంచి వచ్చినవాళ్లే. ఆ దేశపు రాజధానిలో ఆ దేశస్థులే తక్కువమంది!

1930 మేలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్లలో అత్యధికులు తెలుగువాళ్లు. ఓడల కంపెనీల తరఫువాళ్లు బర్మా కూలీలను పిలిపించి పని నడిపించారు. కొన్నాళ్లకు రాజీ కుదిరింది. కూలి కొంత పెంచారు, మనవాళ్లు పనిలోకి తిరిగొచ్చారు. మే 26 పొద్దున ఎప్పటిలా పనికి వచ్చిన బర్మా కూలీలను ఇక మీరు అక్కర్లేదు పొమ్మన్నారు. ఆ మాట దగ్గర అంటుకున్న కొట్లాట నగరమంతా పాకింది. నూరు మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది తెలుగు కూలీలే. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఒకే రేవులో ఒకే బస్తా మోసినవాళ్లు. ఇద్దరి కూలీ ఎంతో తేల్చినవాడు ఆ కొట్లాటలో ఎక్కడా లేడు.

బర్మావాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. వాళ్ల కంటికి మనం ఎలా కనిపించాం? తక్కువ కూలికి ఒప్పుకుని వాళ్ల పని తీసుకునేవాళ్లం. రైల్వేలో, ఆఫీసుల్లో గుమాస్తాలం. నాట్టుకోట్టై చెట్టియార్లనే తమిళ వ్యాపారులు వడ్డీకి ఇచ్చిన అప్పులు, 1930 మాంద్యంలో ధాన్యం ధర పడిపోయేసరికి, పొలాలుగా మారిపోయాయి. ఆ దశకం చివరికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో నాలుగో వంతు పొలం చెట్టియార్ల చేతికి పోయింది. కళింగపట్నం కూలీకీ చెట్టియార్ కొట్టుకీ ఏ సంబంధమూ లేదు. పొలం పోయిన బర్మా రైతుకు మాత్రం ఇద్దరూ అదే ఓడ దిగినవాళ్లు.

ఇంత జరిగాక కూడా 1932లో గెలిచినవి విడిపోవద్దన్న పక్షాలే. ఇది చాలామందికి తెలియని సంగతి. కలిసి ఉండాలన్న ప్రేమతో కాదు. విడిగా పోతే ఇంగ్లీషువాడు ఇండియాకు ఇచ్చేదానికంటే తక్కువ ఇస్తాడేమోనని అనుమానం. అందుకే వాళ్లు ఒక షరతు పెట్టారు: సమాఖ్యలో చేరతాం, ఎప్పుడు బయటికి పోవాలనుకుంటే అప్పుడు పోయే హక్కు మాకు ఉండాలి. అలాంటి చేరిక కుదరదంది లండన్. బర్మా శాసనసభలో రోజుల తరబడి వాదనలు నడిచాయి, తేల్చిన మాట ఒక్కటీ లేదు. చివరికి బ్రిటిష్ ప్రభుత్వమే విడదీసింది. నన్నడిగితే ఆ షరతు చాలా న్యాయమైనది. చేరమని పిలిచేవాడు తలుపు ఎటు తెరుచుకుంటుందో ముందే చెప్పాలి కదా.

గీత గీయగానే ఏమీ మారలేదు. మొదటి మూడేళ్లూ రాకపోకలు అలాగే సాగాయి. 1941లో రెండు ప్రభుత్వాలూ వలస ఒప్పందం రాసుకున్నాయి. పాస్‌పోర్టులు, పర్మిట్లు, రుసుములు వచ్చాయి. అది పూర్తిగా అమలుకు వచ్చేలోపలే 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడలు దొరికినవాళ్లు ఓడల్లో వచ్చారు. దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. నాలుగైదు లక్షల మంది. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. యుద్ధం అయ్యాక కొందరు మళ్లీ వెళ్లారు, అక్కడి ఇల్లూ పనీ వదులుకోలేక. 1962లో జనరల్ నీ విన్ అధికారం పట్టుకున్నాడు. దుకాణాలు జాతీయం చేశారు. 1964 మేలో అక్కడి చాట్ నోట్లలో 50, 100వి చెల్లవన్నారు. దాచుకున్నది కాగితమైపోయింది. ఈసారి వచ్చినవాళ్లు మళ్లీ వెళ్లలేదు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ ఓడల్లో దిగినవాళ్లదే. సాయంత్రం అటు వెళితే బర్మా వంటకాలు అమ్మే బళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ కథ వింటే రెండు రకాల జవాబులు తయారవుతాయి. విడదీయకపోతే ఇంత కష్టం వచ్చేది కాదు కదా అని ఒకరు. కలిపి ఉంచినందుకే కదా ఇంత ద్వేషం పుట్టింది అని ఇంకొకరు. నేను రెండోవారి వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతాను. ఎందుకంటే 1937కు ముందు ఉన్నది సమాఖ్య కాదు. తాళాలు మూడోవాడి చేతిలో ఉన్న ఉమ్మడి కాపురం. వాళ్ల ఊళ్లోకి ఎంతమంది రావాలో బర్మావాళ్లు చెప్పలేదు. ఎంత కూలి ఇవ్వాలో మనవాళ్లు చెప్పలేదు. రాకపోకల స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛ మీద ఇద్దరిలో ఎవరికీ మాట లేదు. ఓటు లేకుండా కలిసిన చోట గొడవ పడడానికి ఒక సభ ఉండదు. అందుకని గొడవ రేవులోనే పడ్డారు.

ఇక సింధు. మన రెండు జిల్లాల తీరం పొడవునా ఉన్న పల్లెకారుల ఊళ్లలో, ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం, బడివానిపేట మొదలుకుని భోగాపురం, పూసపాటిరేగ మండలాల దాకా, ఆగస్టు వచ్చేసరికి మగవాళ్లు పలచబడతారు. గుజరాత్‌లోని వేరావల్ వెళతారు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 190 కిలోమీటర్లకు పైగా తీరం ఉంది. పెద్ద మరబోట్లు నిలబెట్టుకునే హార్బరు మాత్రం ఇన్నేళ్లూ లేకపోయింది. ఇక్కడ పడవను తిరగేసే కెరటాన్ని దాటాలి, అక్కడ బోటు రెడీగా రేవులో ఉంటుంది. బోటు యజమాని ముందే డబ్బిస్తాడు. తండేలు ఊళ్లో మనుషుల్ని కూడగట్టి తీసుకుపోతాడు. ఎనిమిది, తొమ్మిది నెలలు అరేబియా సముద్రం మీదే. మేస్త్రీ పోయి తండేలు వచ్చాడనకండి. తండేలు తనూ అదే బోటులో వల లాగుతాడు.

2018 నవంబరు చివర్లో ఇలా వెళ్లిన మనవాళ్ల బోట్లను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళాలు పట్టుకున్నాయి. కరాచీ తీసుకుపోయి మలీర్ జైల్లో పెట్టారు. ఎక్కువమంది శ్రీకాకుళంవాళ్లు, కొందరు విజయనగరంవాళ్లు. అందులో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర గేటు దాటి వచ్చారు. అంటే పదమూడు నెలలు. ఇళ్లలో ఆడవాళ్లు ఆ పదమూడు నెలలూ కలెక్టరాఫీసు, మంత్రుల ఇళ్లు, చివరికి ఢిల్లీ దాకా తిరిగారు. దీని మీద 'తండేల్' అని సినిమా కూడా వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. సినిమాలో దేశభక్తి పాలు కాస్త ఎక్కువ వేశారనిపించింది నాకు. ఆ ఆడవాళ్ల తిరుగుడు ఒక్కటే సినిమాకు సరిపోయేది.

వాళ్లు దాటిన గీత ఎక్కడిది? కచ్, సింధుల మధ్య సర్ క్రీక్ అని దాదాపు 96 కిలోమీటర్ల బురద పాయ ఉంది. దాని మీద తగవు 1908లో మొదలైంది. దేనికో తెలుసా, వంటచెరకు కోసం. కచ్ రావుగారి మనుషులకూ సింధు వాళ్లకూ కట్టెలు ఎవరు కొట్టుకోవాలన్న పేచీ. సింధు అప్పుడు బొంబాయి ప్రభుత్వం కింద ఉంది. 1914లో బొంబాయి ప్రభుత్వం ఒక తీర్మానం చేసి, ఒక పటం గీయించి ఆ పేచీని చల్లార్చింది. 1936లో సింధు రాష్ట్రమైంది, 1947లో వేరే దేశంలో భాగమైంది. ఆ పాత పటమే ఇప్పుడు రెండు సైన్యాల ముందు ఉంది. సరిహద్దు పాయ మధ్యలోనా, తూర్పు ఒడ్డునా? అది తేలితే తప్ప పాయ నోటి దగ్గర్నుంచి సముద్రంలోకి గీత ఎటు పోవాలో తేలదు. తేలని గీత నీళ్ల మీద ఎవరికి కనిపిస్తుంది? చేప ఎటు పోతే బోటు అటు పోతుంది.

మనవైపు తప్పు లేదని కాదు. మన గుజరాత్ జైళ్లలో కరాచీ, తట్టా బెస్తలు ఇలాగే కూర్చుని ఉంటారు. వాళ్ల ఇళ్లలోనూ ఇదే తిరుగుడు.

దీని పక్కన ఇంకో సంగతి పెడతాను. అదే 2020లో, వాఘా దాటి మనవాళ్లు వచ్చిన రెండున్నర నెలలకు లాక్‌డౌన్ వచ్చింది. వేరావల్‌లో మన మత్స్యకారులు వేలమంది చిక్కుబడిపోయారు. బోట్లలోనే తిండి, బోట్లలోనే పడక. కొందరికి జబ్బు చేసింది. కష్టం చిన్నది కాదు. ఐతే ఇద్దరు ముఖ్యమంత్రులు మాట్లాడుకున్నారు, కేంద్రం సరేనంది, ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో బస్సులు కట్టి వాళ్లను తీసుకొచ్చారు. రాష్ట్రాలు దాటుకుంటూ వచ్చారు. నెలరోజుల వ్యవహారం. ఆ రెండు రాకలకీ తేడా గీత ఉండడం, లేకపోవడం కాదు. గుజరాత్‌కీ ఆంధ్రకీ మధ్య కూడా గీతలున్నాయి, అవీ లాక్‌డౌన్‌లో మూసే ఉన్నాయి. గీతకు అటూ ఇటూ ఒకరి ఫోను ఇంకొకరు ఎత్తుతారా లేదా, తేడా అంతా అక్కడే ఉంది.

సమాఖ్య వాదులు ఇక్కడ చప్పట్లు కొడతారని తెలుసు. కొంచెం ఆగమంటాను. ఒకే సమాఖ్యలో ఉన్నంత మాత్రాన తగవులు తీరుతాయని మన ఉత్తరపు సరిహద్దు చూసినవాడెవడూ చెప్పడు. 1936 నాటి గీతే అది.

సాలూరు పైన కొండల్లో కొఠియా గ్రామాలున్నాయి, ఇరవై పైచిలుకు. ఆంధ్ర మావంటుంది, ఒడిశా మావంటుంది. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు, రాష్ట్రాల సరిహద్దు తేల్చడం తన పని కాదన్న ధోరణిలో తీర్పు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు గ్రామాల్లో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది. అదే ఏడాది నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకుని, అధికారుల కమిటీ వేద్దామనుకున్నారు. ఊళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, తగవూ ఉంది.

కానీ ఆ ఊళ్లలో ఏం జరుగుతోందో చూడండి. చాలామంది గిరిజనుల దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఇక్కడి పింఛనూ అక్కడి బియ్యమూ తెచ్చుకుంటారు. ఎన్నికలొస్తే రెండు వైపులా ఓటు వేసినవాళ్లున్నారు. చట్టం ప్రకారం తప్పే. ఐతే నూరేళ్లు రోడ్డు వేయని ప్రభుత్వాలు ఇప్పుడు పోటీపడి రోడ్లు వేస్తుంటే, బడులు కడుతుంటే, ఆ గిరిజనుడు ఎందుకు కాదనాలి? రంగం కూలీకి ఏ వైపూ లేని ఓటు ఇతనికి రెండు వైపులా ఉంది. అప్పుడప్పుడు రెండు వైపుల అధికారులూ ఒకరి బండికి ఒకరు అడ్డం కూర్చుంటారు, బోర్డులు పీకేస్తారు, తోపులాటలవుతాయి. తుపాకులు పట్టుకున్న రెండు సైన్యాలు మాత్రం ఎదురెదురుగా నిలబడి లేవు.

వంశధార కూడా అంతే. ఒడిశాలో పుట్టి మన కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1962లోనే నీళ్లు చెరిసగం అనుకున్నారు. నేరడి దగ్గర బ్యారేజీ కట్టాలంటే ఒడిశా వైపు 106 ఎకరాలు కావాలి. నూటారు ఎకరాలు! దాని కోసం తగవు దశాబ్దాలు పట్టింది. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017 సెప్టెంబరులో అది తీర్పు చెప్పింది: మొత్తం 115 టీఎంసీల్లో సగం సగం, నేరడి కట్టుకోవచ్చు. ఆ తర్వాత మళ్లీ సుప్రీంకోర్టు. పాతపట్నం రైతు ఇవన్నీ విని విసుక్కుంటాడు. ఆ విసుగు నాకూ ఉంది. సమాఖ్య ఇచ్చేది ఇదే, తీర్పుకి ముందూ తర్వాతా ఒక పెద్ద నిరీక్షణ.

ఈ గీత వల్ల మనసు విరిగినవాళ్లు లేకపోలేదు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో ఎక్కువ భాగం పర్లాకిమిడిలో గడిపారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు అక్కడే తయారుచేశారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపవద్దని పోరాడారు. కలిపేశాక ఆ ఊళ్లో ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన బాధ నిజం. కానీ ఆయన పుస్తకాల్లోని సవరలు ఇప్పటికీ గీతకు రెండు వైపులా ఉన్నారు, సంతకి అటూ ఇటూ వస్తూ పోతూ ఉన్నారు. నౌపడాలో రైలెక్కితే టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి, అక్కడి నుంచి గుణుపురం. పర్లాకిమిడి రాజావారు చిన్న రైలుగా వేయించిన దారి, ఇప్పుడు బ్రాడ్ గేజ్. ఆంధ్ర ఎక్కడ అయిపోయి ఒడిశా ఎక్కడ మొదలైందో రైల్లో కూర్చున్నవాడికి ఎవరూ చెప్పరు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరిగారు బొబ్బిలిలో ఎన్నికలు గెలిచారు, రాష్ట్రపతి అయ్యారు. ఆయన ఎటువాడని ఎవరూ అడగలేదు.

మరైతే పాకిస్తాన్‌తో, బంగ్లాదేశ్‌తో, మిగతావాళ్లతో ఇలాంటి సమాఖ్యే ఎందుకు కట్టుకోకూడదు? 1946లో కేబినెట్ మిషన్ ప్రయత్నించింది, కేంద్రానికి రక్షణ, విదేశాంగం, కమ్యూనికేషన్లు వదిలి మిగతాదంతా రాష్ట్రాలకీ వాటి కూటములకీ ఇద్దామంది. ఎవరికి వారు వేరే అర్థం చెప్పుకుని ఆ పథకాన్ని పాడుచేశారు. 1964 ఏప్రిల్‌లో రామమనోహర్ లోహియా, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇద్దరూ కలిసి భారత్-పాక్ మహాసంఘం కావాలని ప్రకటన చేశారు. ఆ ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారంటే ఇప్పటి కుర్రాళ్లు నమ్మరు. మరుసటేడు యుద్ధమొచ్చింది. 1985లో ఢాకాలో సార్క్ పుట్టింది, 2014లో కాఠ్మండులో చివరిసారి దాని శిఖరాగ్ర సమావేశం జరిగింది, అంతే. బయటి దేశాల సంగతి కూడా గొప్పగా లేదు. వెస్టిండీస్ ద్వీపాలు 1958లో సమాఖ్య కట్టుకుని 1962లో విప్పేసుకున్నాయి. సింగపూర్ 1963లో మలేసియాలో చేరి రెండేళ్లలో బయటికొచ్చింది. అంతెందుకు, ఒకే భాష మాట్లాడే మనమే 1956లో కలిసి 2014లో విడిపోయాం.

అసలు చిక్కు ఇంకోటి ఉంది, పైకి ఎవరూ చెప్పనిది. దక్షిణాసియా జనాభాలో నాలుగింట మూడొంతులకు దగ్గరగా మనమే. మిగతా దేశాలన్నీ కలిసినా మనలో సగం కూడా ఉండవు. అలాంటి సమాఖ్యలో పార్లమెంటు సీట్లు జనాభా ప్రకారం పంచితే నేపాల్ మాట ఎక్కడ వినిపిస్తుంది? శ్రీలంక మాట ఎక్కడ? వాళ్ల భయం మనకు అర్థం కాకపోతే మన భయమే గుర్తు చేసుకుందాం. 1976 నుంచి రాష్ట్రాల మధ్య లోక్‌సభ సీట్ల పంపకాన్ని ఆపి ఉంచారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణనతో ఆ గడువు తీరాలి. జనాభా అదుపు చేసుకున్న పాపానికి మా సీట్లు తగ్గుతాయా అని దక్షిణాది రాష్ట్రాలు గొంతెత్తుతున్నాయి. సరైన ప్రశ్నే. మనం ఢిల్లీని అడుగుతున్న ప్రశ్ననే కాఠ్మండు, కొలంబో, ఢాకా మనల్ని అడుగుతాయి. మన దగ్గర జవాబు ఉందా? మన ఇంట్లో తేల్చుకోలేని దాన్ని పక్కింటివాళ్లకు హామీగా ఎలా ఇస్తాం?

అందువల్ల సమాఖ్య అనే మాటకు నా ఓటు లేదు. ఇప్పుడు లేదు, పిలిచేవాడు అందరికంటే పెద్దవాడైనన్నాళ్లు ఉండదు కూడా. 1932లో బర్మావాళ్లు అడిగిన షరతు ఒప్పుకునే దమ్ము పెద్దవాడికి ఉండదు.

అంతమాత్రాన ఉన్నదున్నట్టు ఉండనివ్వమని కాదు. సముద్ర చట్టం మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉంది, భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దానికి ఒప్పుకున్నాయి. ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలు పట్టిన నేరానికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలుశిక్ష వేయకూడదని దాని 73వ అధికరణం చెబుతుంది. తీరానికి దగ్గరి నీళ్లకు ఈ రక్షణ వర్తించదు, పట్టుకున్నవాళ్లు దాన్నే వాడుకుంటారు. ఆ సందు మూయడానికి రెండు దేశాలు ఒకటి కానక్కర్లేదు, ఒక పేజీ ఒప్పందం చాలు: ఆయుధం లేని చేపల బోటు దారి తప్పితే వెనక్కి తోలండి, రెండోసారి అయితే జరిమానా వేయండి, మనిషిని మాత్రం జైల్లో పెట్టకండి.

అంతకంటే సులువైనది ఇంకొకటి ఉంది. 2008 మే ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలివాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. యుద్ధ వాతావరణంలో కూడా ఇది ఆగలేదు, అందుకు మెచ్చుకోవాలి. ఆ జాబితాల్లోని మనుషుల దగ్గరికి స్వయంగా వెళ్లి చూడడానికి రెండు వైపులా నలుగురేసి మాజీ న్యాయమూర్తులతో ఒక కమిటీ ఉండేది. వాళ్లు అవతలి దేశపు జైళ్లకు వెళ్లి, ఖైదీలతో మాట్లాడి, శిక్ష ముగిసినా ఇళ్లకు పోనివాళ్ల పేర్లు రాసేవాళ్లు. 2013 అక్టోబరు తర్వాత ఆ కమిటీ కూర్చోలేదు. మత్స్యలేశం మనుషులు మలీర్‌లో ఉన్న పదమూడు నెలల్లోనూ కూర్చోలేదు. దాన్ని మళ్లీ పిలవడానికి రాజ్యాంగం మార్చక్కర్లేదు, ఏ దేశమూ తన జెండా దించక్కర్లేదు. రెండు ఢిల్లీ ఉత్తరాలు, రెండు ఇస్లామాబాద్ ఉత్తరాలు చాలు. మన రెండు జిల్లాల ఎంపీలు పార్లమెంటులో ముందు అడగవలసింది ఇదే, ఆగస్టులో వేరావల్ రైళ్లు నిండకముందే.